ఎల్‌ఈడీ బల్బు పెడితే ఇండికేటర్ ఎందుకు పరిగెడుతుంది?

వెనక ఎడమ ఇండికేటర్‌లో మామూలు బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టి స్విచ్ వేయగానే, టిక్... టిక్... అని తాపీగా కొట్టాల్సింది టికటికటిక మంటూ రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. కొన్ని కార్లలో మీటర్ బోర్డు మీద పసుపు రంగులో బల్బు గుర్తు వెలుగుతుంది. ఇంకొన్నిట్లో ఏ హెచ్చరికా రాదు గానీ, తాళం తీసి కారు దిగాక చీకట్లో చూస్తే ఆ ఎల్‌ఈడీ ఉండుండి మిణుకుమంటుంది. షాపుకు వెళ్తే ఒకరు క్యాన్‌బస్ బల్బు (హెచ్చరిక రాకుండా తయారైన ఎల్‌ఈడీ) తీసుకోమంటారు, ఒకరు రెసిస్టర్ (కరెంటు లాగి వేడిగా మార్చే భాగం) వేస్తే సరిపోతుందంటారు, మరొకరు రిలే (ఇండికేటర్‌ను కొట్టించే స్విచ్ డబ్బా) మార్చాలంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరి మాట ఒక్కో రకం కారుకు సరిపోతుంది. మీ కారుకు ఏది సరిపోతుందో తేలాలంటే, బల్బు బతికి ఉందో లేదో ఆ కారు ఎలా కనిపెడుతోందో ముందు తెలుసుకోవాలి. ఆ పని చేయకుండా డబ్బు పెట్టినవాళ్లే మూడు దుకాణాలు తిరుగుతారు.

కారుకు వెలుగు కనిపించదు. దానికి తెలిసేది ఆ తీగలో ఎంత కరెంటు పారుతోందన్నదే. ఇండికేటర్, బ్రేక్ లైట్లలో వాడే 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఇంజను నడుస్తూ 13.5 వోల్టులు వస్తుంటే అది 2 ఆంపియర్లకు దగ్గరవుతుంది. దాని స్థానంలో పెట్టే ఎల్‌ఈడీ లాగేది మహా అయితే 0.2 నుంచి 0.5 ఆంపియర్లు. డబ్బా మీద 30 వాట్లని రాసి ఉన్నా, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి సిరీస్‌లో కలిపి చూడండి, ఎక్కువ భాగం 3 నుంచి 6 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. అంటే కారు లెక్కలో ఆ బల్బు ఉన్నట్టు కాదు, మాడిపోయినట్టు. అది తప్పు చెప్పడం లేదు. తనకు నేర్పిన లెక్కే చెబుతోంది.

చల్లగా ఉన్న ఫిలమెంటుకు ఇంకో గుణం ఉంది. వెలుగుతున్నప్పుడు 21 వాట్ల బల్బు నిరోధం 7 ఓంల దాకా ఉంటే, ఆర్పి ఉన్నప్పుడు ఒక ఓం కూడా ఉండదు. 5 వాట్ల పార్కింగ్ బల్బయితే వెలిగినప్పుడు 29 ఓంలు, చల్లగా రెండు మూడు ఓంలు. ఎల్‌ఈడీని అదే మీటర్‌తో కొలిస్తే తీగ తెగినట్టే చూపిస్తుంది. కొన్ని కార్లు లైటు ఆర్పి ఉన్నప్పుడే బల్బును తనిఖీ చేయగలగడం ఈ గుణం వల్లే.

కారు ఏ పద్ధతిలో చూస్తోంది?

ఇండికేటర్‌ను ఆపుతూ వెలిగించే పరికరం ఫ్లాషర్. అన్నిటికంటే పాతది వేడితో పనిచేసే ఫ్లాషర్. లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది. బల్బు లాగే కరెంటుకు అది వేడెక్కి వంగుతుంది, చల్లారి వెనక్కి వస్తుంది. దీనికి ఎల్‌ఈడీ పెడితే వేగం పెరగదు, అసలు కొట్టుకోవడమే మానేస్తుంది. ఆ కొద్దిపాటి కరెంటుకు పట్టీ వేడెక్కదు కాబట్టి లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. ఇవి ఇప్పుడు పాత జీపుల్లో, చాలా పాత కార్లలో తప్ప కనిపించవు.

రెండోది ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలే. అగ్గిపెట్టెంత డబ్బా, స్టీరింగ్ కింద గానీ ఫ్యూజు బాక్సులో గానీ గుచ్చి ఉంటుంది. లోపల ఒక సన్నని పట్టీ మీదుగా మొత్తం కరెంటు పారుతుంది. ఆ పట్టీ రెండు చివర్ల మధ్య వోల్టేజీ తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులు. ఒక వైపు ముందు 21, వెనక 21, పక్కన 5, మొత్తం 47 వాట్లున్నప్పుడు ఆ తేడా రిలేకు పెట్టిన హద్దు గీతకు పైన ఉంటుంది. ఒక పెద్ద బల్బు పోతే గీత కిందికి పడుతుంది, రిలే వేగం రెట్టింపు చేస్తుంది. డ్రైవరు దిగి చూడకుండానే బల్బు పోయిందని తెలియాలని పెట్టిన ఏర్పాటు ఇది. ఇండికేటర్ మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి. అది దాటిందంటే వెనక వచ్చేవాళ్లకు చిరాకు, మీకు నిబంధనల చిక్కు.

మూడోది ఇప్పుడొచ్చే కార్లలో ఎక్కువవాటిలో ఉన్న బాడీ కంట్రోల్ మాడ్యూల్, అంటే లైట్ల లాంటివాటిని నడిపే చిన్న కంప్యూటర్. దీంట్లో విడిగా ఫ్లాషర్ రిలే ఉండదు, వినిపించే టిక్‌టిక్ శబ్దం కూడా చాలావాటిలో మీటర్‌లోని చిన్న స్పీకరు చేసే నటనే. ఒక్కో బల్బుకు, లేదా ఒక్కో జతకు, ఒక్కో ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. వెళ్లే కరెంటును ఆ స్విచ్చే కొలిచి చెబుతుంది. ఇక్కడ రెండు రకాల తనిఖీ. వెలిగినప్పుడు కరెంటు తక్కువైతే పట్టుకోవడం ఒకటి. ఆర్పి ఉన్నప్పుడు కంటికి కనిపించనంత చిన్న విద్యుత్ స్పందన పంపి, తీగ అవతల ఫిలమెంటు ఉందో లేదో తడిమి చూడటం రెండోది. ఫిలమెంటు ఆ కాసింత కరెంటుకు ఎర్రబడను కూడా ఎర్రబడదు. ఎల్‌ఈడీకి అదే చాలు, తళుక్కుమంటుంది. చీకట్లో దయ్యంలా మిణుకుమనేది ఇందుకే. బల్బు నాసిరకమని దుకాణంలో గొడవ పెట్టుకోవద్దు.

మాడ్యూల్ ఉన్న కార్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. బల్బు ఎక్కువ కాలం బతకాలని చాలా కార్లు ఇంజను నడిచేటప్పుడు పూర్తి వోల్టేజీ ఇవ్వవు. సెకనుకు వంద సార్లో ఇంకా ఎక్కువో ఆపుతూ వెలిగిస్తూ సగటున తక్కువ అందిస్తాయి. ఫిలమెంటు వేడి మీద ఆ ఆగడం కనిపించదు, ఎల్‌ఈడీ మాత్రం ఆగినప్పుడల్లా ఆరుతుంది. తల తిప్పినప్పుడు వెలుగు గొలుసులా ముక్కలు ముక్కలుగా కనిపించినా, ఫోన్ కెమెరాలో చారలు పరిగెత్తినా కారణం ఇదే.

పైసా ఖర్చు లేని పరీక్ష

కొత్త బల్బు కొనే ముందు పాత బల్బు ఒకటి పీకి చూడండి. లైట్లు ఆర్పి పది నిమిషాలు చల్లారనిచ్చి, వెనక ఇండికేటర్ బల్బు తీసి, స్విచ్ వేయండి. వేగం పెరిగితే ఇండికేటర్ మీద కాపలా ఉంది. వేగం ఏమీ మారకుండా, మీటర్ బోర్డు మీద గుర్తూ రాకపోతే అక్కడ ఎల్‌ఈడీ పెట్టినా కారు పట్టించుకోదు. తర్వాత పార్కింగ్ బల్బు, నంబర్ ప్లేటు బల్బు, రివర్స్, బ్రేక్, ఇలా ఒక్కొక్కటే తీస్తూ తాళం ఆన్ చేసి లైట్లు వెలిగించి ఒక నిమిషం ఆగి మీటర్ బోర్డు చూడండి. కొన్ని కార్లు వెంటనే చెప్పవు, తాళం ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాకే గుర్తు వెలుగుతుంది. మన దగ్గర తిరిగే మామూలు చిన్న కార్లలో చాలావాటికి ఇండికేటర్ తప్ప దేని మీదా కాపలా ఉండదు. అలాంటి కారుకు పార్కింగ్ లైటు కోసం ఖరీదైన క్యాన్‌బస్ బల్బు కొనడం గొడుగులో గొడుగు పట్టుకోవడమే. యూరప్ కంపెనీల కార్లలో మాత్రం దాదాపు ప్రతి బయటి బల్బుకూ లెక్క ఉంటుంది.

అదే సమయంలో బల్బు అడుగు కూడా చూసుకోండి. 21 వాట్ల గుండు బల్బు అంతా ఒకటే అనుకుంటారు, కాదు. బ్రేక్‌కు వాడే ఒంటి ఫిలమెంటు పీ21డబ్ల్యూకు రెండు పక్కల పిన్నులూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. నారింజ రంగు గాజుతో వచ్చే పీవై21డబ్ల్యూకు పిన్నులు 150 డిగ్రీల కోణంలో ఉంటాయి, తెల్లది పొరపాటున కూడా అందులో కూర్చోకూడదని. పార్కింగ్, బ్రేక్ రెండూ ఒకే బల్బులో ఉండే పీ21/5డబ్ల్యూకు పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి. దుకాణంలో నోటితో చెప్పడం కంటే పాత బల్బు జేబులో వేసుకు వెళ్లడం మేలు.

ఇక మందు సంగతి

ఫ్లాషర్ రిలే ఉన్న కారుకు సరైన మందు రిలే మార్చడమే. ఎల్‌ఈడీ ఫ్లాషర్ అని అడిగితే దొరుకుతుంది. అది కరెంటు లెక్క చూడదు, గడియారంలా కొడుతుంది. పాతది రెండు కాళ్లదైతే కొత్తదానికి మూడో కాలు, అంటే ఎర్త్ తీగ, విడిగా ఇవ్వాలి. బాడీ రేకుకు గట్టిగా బోల్టు వేసిన చోటు నుంచి అర చదరపు మిల్లీమీటరు తీగ ఒకటి లాగితే చాలు. మూడు కాళ్లదైతే కాళ్ల వరస చూడాలి. 49 లేదా బీ అని ఉన్నది బ్యాటరీ వైపు, 49ఎ లేదా ఎల్ అన్నది లైట్ల వైపు, 31 లేదా ఈ అన్నది ఎర్త్. ఆకారం సరిపోయి వరస తారుమారైన రిలేలు బజారులో చాలా ఉన్నాయి. అది గుచ్చాక ఇండికేటర్ పలక్కపోతే బల్బును తిట్టే ముందు ఈ అంకెలు కలిశాయేమో చూడండి. ఈ పద్ధతిలో పోగొట్టుకునేది ఒకటే, ఇకమీదట బల్బు పోయినా వేగం పెరగదు. వారానికోసారి కారు చుట్టూ తిరిగి చూసుకునే అలవాటు లేనివాళ్లకు ఇది చిన్న నష్టమేమీ కాదు.

మాడ్యూల్ ఉన్న కారులో మార్చడానికి రిలే ఉండదు. అక్కడ శుభ్రమైన దారి కోడింగ్, అంటే మాడ్యూల్‌లోని సెట్టింగులు మార్చడం. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లకు వీసీడీఎస్, ఓబీడీఎలెవెన్ లాంటి పరికరాలు, ఫోర్డ్‌కు ఫోర్‌స్కాన్ ఉన్నాయి. మాడ్యూల్‌లో ఒక్కో లైటు గడిలో ఇక్కడున్నది ఏ రకం బల్బు అని రాసి ఉంటుంది. అదే మోడల్ ఖరీదైన వేరియంట్‌కు కంపెనీయే ఎల్‌ఈడీ ఇస్తుంటే ఆ గడిలో ఎల్‌ఈడీ అని రాయడానికి వీలుంటుంది. అప్పుడు కాపలా పోదు, కొలబద్ద తగ్గుతుంది, ఎల్‌ఈడీ నిజంగా మాడిపోతే కూడా చెబుతుంది. లైటు ఆర్పి ఉన్నప్పుడు జరిగే తనిఖీని విడిగా ఆపే వీలున్న కార్లలో మిణుకు కూడా పోతుంది. మార్చే ముందు ప్రతి గడిలో ఉన్న పాత విలువ ఫోటో తీసి పెట్టుకోవాలి. కోడింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క పని చేయకపోతే వాళ్ల చేతికి కారు ఇవ్వొద్దు.

కోడింగ్ వీలు కాని చోట రెసిస్టర్. ఇక్కడే ఎక్కువ మంది చేతులు కాల్చుకుంటారు, మాటవరసకు కాదు, నిజంగానే.

లెక్క చూడండి. 21 వాట్ల బల్బుకు బదులుగా బజారులో ఇచ్చేది 6 ఓంలు, 50 వాట్ల రెసిస్టర్, బంగారు రంగు అల్యూమినియం కవచంతో. 13.5 వోల్టుల దగ్గర అది 2.25 ఆంపియర్లు లాగి 30 వాట్ల వేడి పుట్టిస్తుంది. రేడియో రిపేరు చేసేవాళ్ల చేతిలోని చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంతకంటే ఎక్కువ వేడి పుట్టించే వస్తువును మనం బంపరు వెనక ప్లాస్టిక్ మధ్య దాస్తున్నాం. ఇండికేటర్ సగం సమయమే వెలుగుతుంది కాబట్టి సగటున 15 వాట్లు, భరించవచ్చు. అదే రెసిస్టర్ బ్రేక్ లైటుకు వేసి, విశాఖ గురుద్వారా జంక్షన్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు కాలు బ్రేక్ మీద ఉంచితే దాని ఒళ్లు వంద డిగ్రీలు దాటడానికి ఎంతో సేపు పట్టదు. 50 వాట్లు అన్న అంకె కూడా దాన్ని లోహానికి బిగించినప్పుడే వర్తిస్తుంది. గాలిలో వేలాడదీస్తే దాని ఓపిక అందులో సగం కూడా ఉండదు. తీగల కట్టకు టేపు చుట్టి కట్టేసిన రెసిస్టర్ మొదట టేపు జిగురును, తర్వాత పక్క తీగల తొడుగును కరిగిస్తుంది. ఆ తర్వాత వచ్చేది హెచ్చరిక కాదు, పొగ.

సరిగ్గా బిగించే విధానం ఇది. రెసిస్టర్ ఒక తీగ ఇండికేటర్ తీగకు, రెండోది ఎర్త్ తీగకు, అంటే బల్బుకు సమాంతరంగా కలపాలి. బల్బుకు ముందు వరసలో కలిపితే ఎల్‌ఈడీ కొంచెం మసకబారుతుంది, కారుకు లెక్క మాత్రం కుదరదు. రెసిస్టర్‌ను డిక్కీ లోపల టెయిల్ ల్యాంపు వెనకున్న బాడీ రేకుకు రెండు స్క్రూలతో బిగించాలి. మధ్యలో కంప్యూటర్ ప్రాసెసర్‌కు రాసే థర్మల్ పేస్టు పలచగా రాస్తే వేడి రేకులోకి దిగుతుంది. చుట్టూ ప్లాస్టిక్, తివాచీ, తీగలు కనీసం నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. రేకుకు రంధ్రం వేస్తే అంచుకు వెంటనే తుప్పు పట్టని ప్రైమర్ పూయాలి. విశాఖలో ఆ పని వచ్చే వారానికి వాయిదా వేస్తే ఈలోపే తుప్పు మొదలవుతుంది. అంతా అయ్యాక హజార్డ్ లైట్లు పది నిమిషాలు వేసి ఉంచి, రెసిస్టర్‌ను కాకుండా దాని పక్కనున్న వస్తువులను ముట్టుకు చూడండి.

ఒక వైపు ముందు, వెనక రెండు బల్బులూ మారిస్తే ఒక్క రెసిస్టర్ చాలుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. మాడ్యూల్ ముందు వెనకలను విడివిడిగా కొలిచే కారులో చాలదు, ఎక్కడికక్కడ పెట్టాలి. రిలే కారులోనూ గీత ఒకటిన్నర బల్బు చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఒక్కదానితో సాధారణంగా కుదరదు. 5 వాట్ల బల్బుకు బదులు 33 ఓంలు, 10 వాట్లది సరిపోతుంది. అది అయిదున్నర వాట్లే అయినా పార్కింగ్ లైటుతో పాటు శ్రీకాకుళం దాకా ఆగకుండా వెలుగుతూనే ఉంటుందని మరిచిపోవద్దు.

రెసిస్టర్ గురించి ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఎల్‌ఈడీ చచ్చిపోయినా రెసిస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది, కారు అంతా బాగుందనుకుంటుంది. మనం పెట్టింది దొంగసాక్షి. బ్రేక్ లైటు మీద దొంగసాక్షి పెట్టకపోవడమే మంచిది. కరెంటు ఆదా అవుతుందన్న మాట కూడా అక్కడితో చెల్లు, పాత బల్బు తినేదంతా ఇప్పుడు రెసిస్టర్ తింటోంది.

క్యాన్‌బస్ బల్బు అంటే ఇదే రెసిస్టర్‌ను బల్బు మెడలో ఇరికించి అమ్మడం. క్యాన్ అనే కమ్యూనికేషన్ తీగలతో దానికి ఏ సంబంధమూ లేదు. 5 వాట్ల సైజులో ఇది సబబుగానే పనిచేస్తుంది. 21 వాట్ల సైజులో మాత్రం అంత వేడి ఎల్‌ఈడీ చిప్పుకు అంగుళం దూరంలో, మూసిన ల్యాంపులో పుడుతుంది. ఎరుపు, నారింజ చిప్పులు వేడికి తెల్లవాటికంటే చాలా ఎక్కువగా మసకబారతాయి. గ్యారేజీలో ధగధగలాడిన బ్రేక్ లైటు మే నెల మధ్యాహ్నం బీచ్ రోడ్డులో అరగంట తిరిగేసరికి నీరసపడిపోవడం ఇందుకే. ఆరు నెలలకే హోల్డర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే ఆ బల్బును తీసేయడమే మంచిది.

ఉప్పుగాలి చేసే మాయ

విశాఖలో ఈ పని చేసేవాళ్లు బల్బు కంటే ముందు చూడాల్సింది హోల్డర్. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపే కార్లకు టెయిల్ ల్యాంపు విప్పితే ఇత్తడి రేకుల మీద పచ్చని చిలుము, ఎర్త్ బోల్టు చుట్టూ గోధుమ రంగు పొర కనిపిస్తాయి. 2 ఆంపియర్లు లాగే ఫిలమెంటు ఆ చిలుములోంచి ఎలాగో నెట్టుకొస్తుంది. ఎల్‌ఈడీ పెట్టగానే కథ బయటపడుతుంది. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దానితో పాటు కొట్టుకుంటుంది. ఎర్త్ దారి మూసుకుపోవడంతో కరెంటు పక్క బల్బులోంచి వెనక్కి దారి వెతుక్కుంటుంది. ఫిలమెంటును ఎర్రబరచడానికి చాలని ఆ దొంగకరెంటు ఎల్‌ఈడీని వెలిగించడానికి చాలు.

దీన్ని పట్టుకోవడం తేలిక. పాత ఫిలమెంటు బల్బులే పెట్టి ఉంచండి, తీగలో గట్టిగా కరెంటు పారుతూ ఉండాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్‌కు, అందకపోతే పొడుగు తీగ కలిపి, రెండో ముల్లు హోల్డర్ ఎర్త్ రేకుకు ఆనించాలి. ఒకరు బ్రేక్ తొక్కి, పార్కింగ్ లైట్లు, ఇండికేటర్ కూడా వేయాలి. 0.1 వోల్టు లోపు చూపిస్తే భేషు. 0.2 దాటితే ఎర్త్ బాగు చేయాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే మీరు వెతుకుతున్న రోగం అదే, ఎన్ని బల్బులు మార్చినా పోదు. బోల్టు విప్పి, రింగు టెర్మినల్‌ను, రేకును 400 నంబర్ ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బిగించాక పైన గ్రీజు పూయాలి. హోల్డర్ రేకులకు డైఎలక్ట్రిక్ గ్రీజు గోటి చివరంత చాలు. రేకులు వదులైతే సన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం లోపలికి వంచండి, ఎల్‌ఈడీల కాళ్లు కొన్ని అసలు బల్బు కంటే సన్నగా వస్తాయి.

తీగను నొక్కి అతికించే నీలం రంగు క్లిప్పులు ఇక్కడ వాడొద్దు. అవి తొడుగును కోసి పట్టుకుంటాయి, కోసిన చోటే ఉప్పు చెమ్మ దూరి రెండు వానాకాలాల్లో తీగను నల్లగా మార్చేస్తుంది. టంకం పెట్టి, లోపల జిగురున్న హీట్ ష్రింకు ట్యూబు వేస్తే అదే ముడి కారు ఉన్నన్నాళ్లు ఉంటుంది.

పని చేసేటప్పుడు లైట్లు, తాళం ఆఫ్‌లోనే ఉండాలి. కొన్ని యూరప్ కార్ల మాడ్యూళ్లు షార్ట్ అయినప్పుడల్లా లెక్కపెట్టుకుంటాయి. ఆ లెక్క దాటితే ఆ లైటుకు కరెంటు శాశ్వతంగా ఆపేస్తాయి, ఫ్యూజు బాగానే ఉంటుంది, బల్బు బాగానే ఉంటుంది, లైటు మాత్రం రాదు. స్కానర్ పెట్టి ఆ లెక్క చెరిపితే తప్ప తిరిగి రాదు.

బ్రేక్ లైటు వేరే సంగతి

బ్రేక్‌కు ఎల్‌ఈడీ పెట్టడంలో నిజమైన లాభం ఒకటుంది. ఫిలమెంటు పూర్తి వెలుగుకు రావడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, ఎల్‌ఈడీ దాదాపు తక్షణం వెలుగుతుంది. జాతీయ రహదారి 16 మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చేవాడికి ఆ తేడా అయిదున్నర మీటర్లు, ఒక కారు పొడవు కంటే ఎక్కువ. కానీ ఆ లాభాన్ని మింగేసే లోపాలు రెండున్నాయి.

ఒకటి, ఒకే ఫిలమెంటుతో పార్కింగ్, బ్రేక్ రెండూ నడిపే కార్లు. పార్కింగ్‌కు తక్కువగా, బ్రేక్‌కు పూర్తిగా కరెంటు ఇచ్చి మాడ్యూలే తేడా చూపిస్తుంది. ఎల్‌ఈడీలోని డ్రైవర్ సర్క్యూట్ ఎంత తక్కువ ఇచ్చినా పూర్తి వెలుగు చూపిస్తే, రాత్రి మీరు బ్రేక్ తొక్కారో లేదో వెనకవాడికి తెలియదు. మీటర్ బోర్డు మీద ఏ హెచ్చరికా ఉండదు, అదే ప్రమాదం. రెండు ఫిలమెంట్ల చోట పెట్టే ఎల్‌ఈడీల్లో నాసిరకానివి కూడా ఇలాగే ఉంటాయి. రాత్రి పార్కింగ్ లైట్లు వేసి గోడకు వెనక్కి పెట్టి బ్రేక్ తొక్కండి, గోడ మీద వెలుగు ఒక్కసారిగా ఎగబాకాలి. ఏమో, మారినట్టుంది అనిపిస్తే ఆ బల్బు పనికిరాదు.

రెండోది ఎలక్ట్రానిక్స్ వైపు. కొన్ని పాత కార్లలో బ్రేక్ తొక్కలేదు అన్న సంగతిని క్రూయిజ్ కంట్రోల్ (పెట్టిన వేగాన్ని దానంతట అదే నిలిపే ఏర్పాటు), ఆటోమేటిక్ గేరు, బ్రేక్ తీగ చల్లని ఫిలమెంటు గుండా ఎర్త్‌కు కలిసి ఉండటాన్ని బట్టి తెలుసుకుంటాయి. అన్ని బ్రేక్ బల్బులూ ఎల్‌ఈడీ అయితే తీగ గాలిలో వేలాడినట్టవుతుంది, క్రూయిజ్ పట్టదు. ఒక వైపు ఫిలమెంటు తిరిగి పెడితే పట్టిందంటే రోగం ఇదేనని రూఢి.

రంగు విషయంలో తర్కం చాలామందికి తిరగబడి తోస్తుంది. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి, నారింజ అద్దం వెనక నారింజ. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర అద్దం ఆ నీలాన్ని చాలావరకు ఆపేస్తుంది, మిగిలేది గులాబీ ఛాయ ఉన్న మసక వెలుగు. ఫిలమెంటులో ఎరుపు పుష్కలం కాబట్టి దానికి ఈ బాధ లేదు.

వెలుగు సరిపోయిందో లేదో రాత్రి చూసి నిర్ణయించొద్దు. అసలు పీ21డబ్ల్యూ 460 ల్యూమెన్లు ఇస్తుంది, అదీ అన్ని దిక్కులకూ. ల్యాంపు లోపలి అద్దం ఆ వెలుగును అందుకుని పంచేలా తయారైంది. కొనకు ఒక్క చిప్పు ఉన్న ఎల్‌ఈడీ ఎదురుగా నిలబడితే కళ్లు చెదరగొడుతుంది, రెండడుగులు పక్కకు జరిగితే మాయమవుతుంది. చుట్టూ పక్కలకు చిప్పులున్నదే తీసుకోవాలి. ఒక వైపు ఎల్‌ఈడీ, ఒక వైపు పాత బల్బు ఉంచి, మిట్టమధ్యాహ్నం పది మీటర్ల వెనక నుంచి ఒకసారి, 45 డిగ్రీల పక్క నుంచి ఒకసారి చూడండి. పక్క లేన్‌లో వచ్చే స్కూటరు అతనికి మీ ఇండికేటర్ కనిపించేది ఆ కోణంలోనే.

నంబర్ ప్లేటు లైటు, రివర్స్ లైటు గురించి చెప్పేంత ఏమీ లేదు. నంబర్ ప్లేటుకు పొడుగు బల్బయితే 36 మిల్లీమీటర్లో కాదో కొలిచి కొనండి. వెలగకపోతే తిప్పి పెట్టండి, ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది.

హెడ్‌లైటు జోలికి

హెడ్‌లైటులో హెచ్చరిక చిన్న సమస్య, వెలుగు ఎక్కడ పడుతుందన్నది పెద్ద సమస్య. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద చిన్న దోనె ఆకారపు రేకు ఉంటుంది, వెలుగు పైకి పోకుండా ఆపేది అదే. ఎల్‌ఈడీ చిప్పు ఆ ఫిలమెంటు స్థానంలోంచి మిల్లీమీటరు జరిగినా, చిప్పు మందం ఎక్కువైనా గీత చెదిరిపోతుంది. అనంతగిరి ఘాటు మలుపుల్లో ఎదురొచ్చే బస్సు డ్రైవరుకు కళ్లు మూసుకుపోయేది, చలికాలం పొగమంచులో మీ ముందే తెల్లగోడ లేచేది ఈ పైకి చెదిరిన వెలుగు వల్లే. గోడకు 10 మీటర్ల దూరంలో సమతలం మీద నిలిపి డిమ్ వేస్తే, పై గీత దీపం మధ్య ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కింద స్పష్టంగా కనిపించాలి. ఎంత తిప్పి సర్దినా గీత రాకపోతే పాత హాలోజన్ తిరిగి పెట్టేయడమే.

చట్టం సంగతి దాచి లాభం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ల్యాంపుకు ఆమోదం వచ్చింది అందులోని ఫిలమెంటు బల్బుతో కలిపే. ఈ కోణంలో చూస్తే అన్నిటికంటే నిబ్బరమైన దారి, మీ మోడల్‌కే పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చే ఎల్‌ఈడీ టెయిల్ ల్యాంపు మొత్తం తెచ్చి పెట్టడం, దానికి తగ్గట్టు కోడింగ్ చేయించడం. ఖర్చు ఎక్కువే. ప్లగ్గులో పిన్నుల వరస వేరుగా ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండింటి వైరింగ్ చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూశాకే కొనాలి. ఇక వారంటీలో ఉన్న కారుకు తీగ కోసే పని ఏదైనా చేస్తే, రేపు ఎలక్ట్రికల్ క్లెయిమ్ తిరస్కరించడానికి సర్వీసు సెంటరుకు ఆ కోతే చాలు.

తీసిన పాత బల్బులను కాగితంలో చుట్టి, ఏది ఎక్కడిదో రాసి, డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లేముందు అవసరమవుతాయి, ఘాటు రోడ్డు మీద రాత్రి పూట ఎల్‌ఈడీ మొరాయించినప్పుడు అంతకంటే ఎక్కువ అవసరమవుతాయి.